ఎవరు లేపితే లేస్తాం?

మా పై ఫ్లాట్‌లో ఎవరో పొద్దున అయిదింటికి అలారం పెట్టుకుంటారు. వాళ్లు లేవరు, నేను లేస్తాను. ఫోను మంచం పక్కన నేల మీద పెట్టి పడుకుంటారనుకుంటా, పాట వినబడటానికి ముందే స్లాబులోంచి ఒక అదురు మా గదిలోకి దిగుతుంది. ఆ తర్వాత వేణువు. ఎవరో తడుముకుని ఆపుతారు. కాసేపటికి మళ్లీ అదురు, మళ్లీ వేణువు, మళ్లీ తడుములాట. అది పూర్తిగా సద్దుమణిగేసరికి నేను ముఖం కడుక్కుని బాల్కనీలో కూర్చుని ఉంటాను. లిఫ్టులో ఆ ఇంటి కుర్రాడు కనబడినప్పుడల్లా "బాబూ, నీ అలారం..." అని మొదలుపెట్టబోయి ఆగిపోతాను. మొదట్లో నొచ్చుకుంటాడేమోనని ఆగేవాణ్ని. ఇప్పుడు అలారం మానేస్తాడేమోనని ఆగుతున్నాను. అతను మొక్కుకుని తీర్చని మొక్కు నన్ను రోజూ ఠంచనుగా లేపుతోంది మరి. ఇంతకీ ఇది ఎవరి క్రమశిక్షణ? లేవాలని గట్టిగా అనుకున్న అతనిదా, అనుకోకుండానే లేస్తున్న నాదా? ఇద్దరిదీ కాకపోతే ఇంకెవరిది?

ప్రశాంతమైన ఉదయం గురించి ఈ మధ్య అందరూ పాఠాలు చెబుతున్నారు. ఫోన్‌లో ఒక వీడియో చూస్తే పది వెంటపడతాయి. అన్నింట్లోనూ ఇంచుమించు ఒకటే ఇల్లు: తెల్లటి పరదాలు, ఒక చాప, నిమ్మకాయ పిండిన గోరువెచ్చటి నీళ్లు, ఒక నోటు పుస్తకం. మనవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. పరగడుపున లీటరుకు పైగా నీళ్లు తాగమని మంతెన సత్యనారాయణరాజు గారు టీవీలో చెప్పిన రోజుల్లో మా బంధువుల ఇళ్లలో ఎవరిని పలకరించినా చేతిలో చెంబు ఉండేది. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్యకు ఏకంగా ఒక అధ్యాయమే ఇచ్చి, బ్రాహ్మీ ముహూర్తాన లేవడంతో దాన్ని మొదలుపెట్టాడు. పళ్లు తోముకోవడానికి ఏ చెట్టు పుల్ల మంచిదో కూడా చెప్పాడు. కాబట్టి సలహాలకు కరువు లేదు. నా అనుమానం ఇంకొకటి. ఈ పాఠాలన్నింట్లో పొద్దున్నే లేచే మనిషి ఎప్పుడూ ఒంటరి. ఆ ఇంట్లో కుక్కర్ కూత వెయ్యదు, స్కూలు బస్సు రాదు, పాలు విరగవు. ఇంకొకరు లేరు కాబట్టి అంత నెమ్మదిగా ఉన్నాడా? లేక ఆ ఇంకొకరెవరో కెమెరాకు అవతల నిలబడి అన్నీ చూసుకుంటున్నారా?

నాగోల్‌లో బాల్కనీలో కూర్చుంటే ఊరంతా నిద్రపోయిన ఘడియంటూ ఒకటి దొరకదు. గాలి ఇటు తిరిగిన రోజున ముందుగా తెలిసేది మూసీ. చల్లగాలి నేలను అంటిపెట్టుకుని ఉండే ఆ వేళ నది వాసన పగటికంటే చిక్కగా ఉంటుంది; వంతెనకు అవతల ఉప్పల్, ఇవతల మేము, మధ్యలో అది. ఆ తర్వాత రాత్రి షిఫ్టు ముగించిన పిల్లల్ని దింపే క్యాబులు వస్తాయి. వాళ్ల లెక్కలో అది పొద్దున కాదు, పడుకోబోయే ముందు. ఆరింటి ప్రాంతంలో మొదటి మెట్రో కదులుతుంది. 2017 నవంబర్‌లో హైదరాబాద్ మెట్రో మొదలైనప్పుడు ఒక కొస మియాపూర్, రెండో కొస మా నాగోల్, మొత్తం ముప్ఫై కిలోమీటర్లు. అంతకు ముందు అమీర్‌పేట కోచింగులకూ ఆ పైన ఆఫీసులకూ పోయేవాళ్లు రింగురోడ్డు మీద బస్సు కోసం మెడ చాచి నిలబడేవాళ్లు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకని ఇంట్లో ప్రతి పనీ పరుగే. రైలుకు ఒక వేళ ఉంది కనుక ఇంట్లో చాయ్‌కు కూడా ఒక వేళ వచ్చింది. మెట్రో ఎక్కేవాళ్లంతా యోగులైపోయారని అనను గానీ, మా సందులో పొద్దుటి పరుగు కొంత తగ్గిన మాట నిజం. ఎవరూ పుస్తకం చదివి మారలేదు. రైళ్ల వేళలు మార్చాయి.

ఒక పొద్దు ఇక్కణ్నుంచి లేచి వెళ్లిపోవడమూ చూశాం. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986 నుంచి ఉండేది. మామిడి కాలం వస్తే రాత్రంతా లారీలు, తెల్లారేసరికి వేలంపాటలు, హమాలీల కేకలు, బుట్టల్లోంచి రాలిన గడ్డి, మగ్గి కుళ్లిన పండ్ల తీపి వాసన. దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లేవాడెవడూ ఆ రోడ్డును తిట్టుకోకుండా దాటేవాడు కాదు, నాతో సహా. 2021లో మార్కెట్‌ను విజయవాడ రోడ్డు మీద బాటసింగారానికి తరలించారు. ఆ జాగాలో పెద్ద ఆసుపత్రికి మరుసటి ఏడు శంకుస్థాపన జరిగింది. రోడ్డు తెరిపిన పడింది. అయితే మార్కెట్ దగ్గర నాలుగింటికే స్టవ్ వెలిగించే ఒక చాయ్ కొట్టతను నాకు బాగా తెలుసు. నాలుగింటికి లేవడం తన ఒంటికి పట్టిందనీ, పండగనాడు కూడా కన్ను తెరుచుకుంటుందనీ గొప్పగా చెప్పేవాడు. లారీలు ఆగిపోయాక కొన్నాళ్లకు కొట్టు ఏడింటికి తెరవడం మొదలుపెట్టాడు. ఏమన్నా అంటే, "ఎవరికోసం లెవ్వాలె సార్?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అలవాటు ఒంట్లో ఉంటుందనుకుంటాం. ఆయన విషయంలో మాత్రం అది లారీల్లో వచ్చి లారీల్లోనే పోయింది.

మా ఊరు సూర్యాపేట దగ్గర. హైదరాబాద్ కంటే విజయవాడ రేడియో స్టేషనే అక్కడ బాగా పలికేది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి చేతుల్లో పేరు తెచ్చుకున్న భక్తిరంజని మా బజారులో ఒక్క రేడియోలోంచి అందరి ఇళ్లకూ వచ్చేది. దాన్ని గట్టిగా పెట్టడం ఆ ఇంటివాళ్లకు గొప్ప, గడియారం కొనే ఖర్చు తప్పడం మాకు లాభం. పాటలు వస్తుండగా వాకిలి ఊడ్వడం కావాలి, ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలయ్యేసరికి పాలు పొయ్యి మీద ఉండాలి. ఆ పట్టిక ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు. మా నాయనమ్మ సానుపు చల్లి, ముగ్గు వేసి, కొంగు బొడ్లో దోపుకుని బర్రె దగ్గరికి వెళ్లేది. ఆమె పొద్దులు ప్రశాంతంగా ఉండేవా? ఇప్పుడు తలుచుకుంటే అట్లాగే కనిపిస్తాయి. కానీ జ్ఞాపకానికి కళ్లున్నంతగా చెవులుండవు. నిజంగా చెవి పెట్టి వింటే, తన్నే బర్రెను ఆమె తిట్టే తిట్లు భక్తిరంజనిని మించి వినబడేవి. ఆమె ఎప్పుడూ 'నాకు హాయిగా ఉంది' అని గానీ 'నాకు విసుగ్గా ఉంది' అని గానీ అనలేదు. మేము అడగలేదు కూడా.

నియమం ఎట్లా నిలబడుతుందని వెతికితే చదివేవాడికి ముందు తగిలేది ఇరవయ్యొక్క రోజుల మాట. ఏ పనైనా ఇరవయ్యొక్క రోజులు చేస్తే అలవాటైపోతుందట. దీని మూలం తవ్వితే మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో వేసిన పుస్తకం దగ్గర తేలుతుంది. ముక్కు సరిచేయించుకున్నవాళ్లకు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించాడు. ముక్కు గురించిన మాట కాలక్రమాన చన్నీళ్ల స్నానానికీ ఉదయపు నడకకూ పాకింది. 'కనీసం' అన్నది దారిలో రాలిపోయింది. అర్ధ శతాబ్దం తర్వాత లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె తోటి పరిశోధకులు 96 మందిని తీసుకుని పన్నెండు వారాలు చూశారు. ఒక పని తనంత తానుగా జరిగే దశకు రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. పరిశోధన నడిచిందే 84 రోజులు కనుక ఆ పెద్ద అంకె లెక్కకట్టి తేల్చిందే తప్ప చూసింది కాదు. అందులో నన్ను ఊరడించిన సంగతి, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా చెడిపోయేదేమీ లేదన్నది. ఇంకా ముఖ్యమనిపించింది, అక్కడ ఎవరూ గాల్లో నియమం పెట్టుకోలేదు. ప్రతి ఒక్కరూ కొత్త పనిని రోజూ ఎట్లాగూ జరిగే దేనికో ఒకదానికి కట్టారు, భోజనానికో, పొద్దుటి కాఫీకో. కాఫీ వేళకు వస్తే గదా పక్కపని జరిగేది? ఆ కాఫీ ఎవరు కలిపారన్నది మాత్రం పరిశోధన అడిగిన ప్రశ్న కాదు.

దేవుడికి సైతం పొద్దున ఇంకొకరు లేపితేనే. తిరుమలలో రోజు సుప్రభాతంతో మొదలవుతుంది. ప్రతివాది భయంకర అణ్ణన్ రచన అది, 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతుతో రికార్డుగా వచ్చి మన గుళ్ల మైకుల్లోకీ, బస్సు డ్రైవర్ల టేపుల్లోకీ, చివరికి ఫోన్ల రింగుటోన్లలోకీ చేరింది. కొండ మీద సన్నిధి గొల్ల బంగారు వాకిలి తీస్తాడు. ఆ తర్వాత తోమాల, ఆ తర్వాత కొలువు. కొలువులో స్వామికి ఆనాటి పంచాంగం చదివి వినిపిస్తారు, ముందురోజు హుండీ ఆదాయం ఎంతో లెక్క అప్పజెబుతారు. పొద్దున్నే లెక్కలు వినడం నాకైతే ప్రశాంతతకు మొదటి శత్రువు. ఆయనకు అది నిత్యకృత్యం. ధనుర్మాసం వస్తే సుప్రభాతం ఆగి ఆ చోట తిరుప్పావై వస్తుంది, నెల గడిచాక మళ్లీ పాత క్రమం. శతాబ్దాలుగా సాగే ఈ పొద్దును చూస్తే నాకు అబ్బురమనిపించేది దాని వయసు కాదు, అది ఏ ఒక్కరి తల మీదా లేకపోవడం. తలుపు తీసేవారు వేరు, చదివేవారు వేరు, పూలు తెచ్చేవారు వేరు, లెక్క చెప్పేవారు వేరు. ఒకరికి జ్వరమొస్తే వంతుకు మరొకరున్నారు.

మా నాగోల్‌లో ఇట్లాంటి పొద్దు కార్తీకంలో వీధిలోకే వస్తుంది. సందు సందుకూ నల్లబట్టల స్వాములు. మండల దీక్ష, నలభయ్యొక్క రోజులు. సూర్యుడు రాకముందు చన్నీళ్లు, పాదరక్షలు లేవు, నేల పడక, ఒంటిపూట భిక్ష. నా స్నేహితుడొకడు మామూలు రోజుల్లో ఎనిమిది దాటితే గాని దుప్పటి తియ్యడు. మాల వేసుకున్నాడంటే నాలుగింటికి బకెట్ చప్పుడు. ఆ రోజుల్లో అతని ముఖంలో నిజంగానే ఏదో తేట కనిపిస్తుంది, ట్రాఫిక్‌లో ఎవరన్నా అడ్డం వచ్చినా "స్వామీ, చూసుకోండి" అంటాడు. శబరిమల వెళ్లి వచ్చి మాల తీసిన మర్నాడు మళ్లీ ఎనిమిది, మళ్లీ హారను మీద చెయ్యి. లండన్ లెక్క ప్రకారం 66 రోజులు పూర్తి కాలేదు కనుక అందామా? నాకట్లా తోచదు. దీక్షలో అతన్ని లేపింది అలవాటు కాదు. గురుస్వామి ఉన్నాడు, సన్నిధానంలో భజనకు అందరూ వస్తారు, పాలబ్బాయి మొదలు ఆఫీసులో మేనేజరు దాకా "స్వామీ" అని పిలుస్తారు. ఆ పిలుపుకు తగ్గట్టు లేవక తప్పదు. మాల తీశాక ఊరు అతన్ని మళ్లీ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది, అతను మళ్లీ పేరుకు తగ్గట్టే నిద్రపోయాడు. దీన్ని ఓటమి అనాలా? నలభయ్యొక్క రోజులిస్తానన్నాడు, ఇచ్చాడు. శాశ్వతంగా మారిపోవాలని కోరుతున్నది మనమే.

అయితే ఆ ఇంట్లో బకెట్ చప్పుడుకు ముందే లేచేవారొకరున్నారు. అతను నాలుగింటికి స్నానానికి వెళ్లాలంటే ఆమె అప్పటికే తలస్నానం చేసి, ఇల్లు తుడిచి, పీఠం దగ్గర పూలు మార్చి ఉండాలి. భిక్ష వండాలి, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా. స్వాములు ఆమెను "మాతా" అని గౌరవంగానే పిలుస్తారు. కానీ ఆమె మెడలో మాల లేదు. మాల తీసిన మర్నాడు అతను ఎనిమిదింటికి లేచినప్పుడు, ఆమె అయిదింటికే లేచి పిల్లల డబ్బాలు కడుతోంది. ఇది ఒక ఇంటి సంగతి కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు 289 నిమిషాలు గడుపుతుంటే, చేసే మగవాళ్లు గడిపేది 88. చేయని మగవాళ్లు ఆ 88లో లేనే లేరు. సర్వే పొద్దునను వేరు చేసి చెప్పలేదు గానీ, ఆ నిమిషాల్లో ఎన్ని తెల్లవారకముందే ఖర్చవుతాయో మన వంటిళ్ల లైట్లను అడిగితే చెబుతాయి.

ఇక్కడ నా ఆలోచన నాకే ఎదురు ప్రశ్న వేసింది. బయటి నుంచి ఎవరో, ఏదో పట్టుకుంటేనే నియమం నిలుస్తుందని ఇంతసేపూ ముచ్చటపడ్డాను. రైలు, లారీ, రేడియో, గురుస్వామి. మరి నాయనమ్మను లేపిన బర్రె బయటిదే గదా? డబ్బాల కోసం కూర్చున్న పిల్లలు బయటివాళ్లే గదా? కాయకష్టంలో క్రమం తప్పని ఉదయం ఆ ఆడవాళ్లకున్నంతగా ఎవరికుంది? అయినా ఆ పొద్దులను చూపి ఎవరూ వీడియో తియ్యరు, 'ప్రశాంతత' అనే మాట అక్కడికి పోదు. తేడా ఎక్కడుంది? చాలాసేపు తిప్పి చూస్తే నాకు రెండే కనిపించాయి. కొండ మీది అర్చకుడికి వంతు ఉంది. దీక్షలోని స్వామికి గడువు ఉంది. ఇంటావిడ ఉదయానికి వంతూ లేదు, గడువూ లేదు. రేపు ఇంకొకరు లేస్తారన్న నమ్మకం లేని నియమం నియమంలా కనిపిస్తుందేమో గానీ, మనిషికి అది కాపలా.

ఈ ముక్క నాకు పుస్తకంలో దొరకలేదు, మా అపార్ట్‌మెంట్ సంపు దగ్గర దొరికింది. మాకు నల్లా రోజు విడిచి రోజు. నాగార్జునసాగర్ దగ్గర ఎత్తిపోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసిన కృష్ణ నీళ్లు సుమారు వంద కిలోమీటర్లు నడిచి సాహెబ్‌నగర్ చేరి, అక్కణ్నుంచి ఇటు పంచబడతాయి. ఆ పథకం మొదటి దశ 2004 నాటిది. అంత దూరం వచ్చిన నీళ్లు మా గేటు దగ్గర తెల్లవారుజామున కాసేపే ఉంటాయి. ముందు వచ్చే మట్టినీళ్లు వదిలేసి, తేటపడ్డాక సంపులోకి తిప్పాలి, ట్యాంకులోకి మోటారు వెయ్యాలి, నిండాక ఆపాలి. వాచ్‌మన్ ఉన్నంతకాలం ఇదంతా ఒకటుందని మాకు తెలియదు. అతను ఊరికి వెళ్లిపోయాక సంఘంవాళ్లు ఫ్లాట్ నంబర్లు వేసి వంతుల కాగితం లిఫ్టు పక్కన అతికించారు. నంబరు మాదే, దిగి వచ్చేది మాత్రం దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఆడవాళ్లే. రెండో అంతస్తులో రిటైరైన టీచరమ్మ ఒకావిడ మీటింగులో, "నంబర్లు నీళ్లు పట్టవు, పేర్లు రాయండి. సార్ల పేర్లు ముందు రాయండి" అన్నారు. కాస్త నవ్వులాట అయింది. రాశారు.

ఆ కాగితం మీద నా పేరు పడ్డాక నా వంతు రోజున నన్ను లేపడానికి ఎవరూ అక్కర్లేదు. పై నుంచి కింద దాకా అన్ని ఫ్లాట్ల స్నానాలూ వంటలూ నా మీద ఉన్నాయని తెలిస్తే నిద్ర దానంతటదే తేలికవుతుంది. సంపు గట్టు మీద కూర్చుని నీళ్ల రంగు చూస్తుంటాను. ఫోను చూడబుద్ధి కాదు, చూస్తే నీళ్లు పొంగిపోతాయి. కొందరు ధ్యానంలో వెతికేది ఇదేనేమో, నాకు తెలియదు; నాకు మాత్రం వారంలో మిగతా పొద్దుల కంటే అదే నిమ్మళంగా ఉంటుంది. సగం నిమ్మళం, మళ్లీ వంతు వేరొకరిదని తెలియడం వల్లే.

అందుకని చాప కొనబోయే ముందు, నిమ్మకాయ పిండబోయే ముందు, ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ ఇంట్లో పొద్దున అయిదు నుంచి ఎనిమిది దాకా జరిగే పనులన్నీ ఒక పక్కన రాయండి: పాలు, పొయ్యి, డబ్బాలు, నల్లా, అమ్మగారి మందులు, అన్నీ. రెండో పక్కన వారాలు. ఫ్రిజ్ మీద అతికించి, ప్రతి పనికీ ఎదురుగా వంతు ఎవరిదో రాయండి. 'ఇల్లు' అని రాయకండి, పేర్లు రాయండి. సార్ల పేర్లు ముందు.